సియెనా రంగు, ఓరుగంటి మన్ను

భాద్రపద బహుళ పక్షములో ఒక సాయంకాలము, వాన వెలిసి మెట్రో వంతెన అంచుల నుండి చుక్కలు ఇంకా రాలుతుండగా, హైదరాబాదులో మైత్రీవనం వెనుక సందులోని ఒక చిన్న హోటలులో మేము ముగ్గురము కూర్చుని ఉన్నాము. చుట్టును జిల్లాల నుండి వచ్చి హాస్టళ్ళలో ఉండి మూడు నాలుగు నెలల కోర్సులు నేర్చుకొనే యువకులు. గోడల మీద, స్తంభాల మీద, మెట్ల మలుపులలో కంప్యూటరు విద్యల పేర్లు వ్రాసిన బోర్డులు. నా మిత్రులలో ఒకరు ముప్పది మూడేండ్లు ఉన్నత పాఠశాలలలో చిత్రలేఖనము బోధించి విరమించిన డ్రాయింగు మాస్టారు. రెండవవారు నీటిపారుదల శాఖలో పనిచేసి, ఓరుగంటి సీమలోని చెరువుల కట్టలన్నింటిని కాలినడకన కొలిచిన ఇంజనీరు. మాస్టారు ఆనాడే పై అంతస్తులోని ఒక ప్రయాణ సంస్థలో ఇటలీ వీసాకు వలసిన కాగితములు అప్పగించి వచ్చినారు. ఆయన చూడగోరినది రోము కాదు, వెనిసు కాదు. టస్కనీ ప్రాంతములో మూడు కొండల మీద వెలసిన సియెనా అనే పాత పట్టణము. ఆ పేరు చెవిని పడగానే ఇంజనీరు చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టినారు. ఆ తరువాత నడచిన సంవాదమును నాకు జ్ఞాపకమున్నంతలో వ్రాస్తున్నాను.

ఇంజనీరు: మాస్టారూ, మీకు డెబ్బదేండ్లు వచ్చినవి, మోకాళ్ళు మునుపటివి కావు. కూడబెట్టుకొన్న సొమ్ము మీది, ఖర్చు చేసుకొనే హక్కు మీది, కాదనను. కాని చూడవలసినది శిల్పమూ చిత్రమూ కల పాత కొండ ఊరే అయితే, ఇక్కడికి సుమారు నూట నలువది అయిదు కిలోమీటర్లలో హనుమకొండ ఉన్నదే! పద్మాక్షి గుట్ట, సిద్ధేశ్వర గుట్ట, గోవిందరాజుల గుట్ట, కోటలోని ఏకశిల; పేరులోనే కొండను మోస్తున్న ఊరును విడిచి, సముద్రాలు దాటి పోవడము ఎందుకు?

మాస్టారు: ఒక్క రంగు గొట్టము కోసమని చెప్పితే మీరు నమ్మరు. నేను మొదటి జీతముతో కొన్న రంగుల పెట్టెలో బర్న్ట్ సియెన్నా అని ఒక రంగు ఉండెను. మన పల్లెలు వేయాలన్నా, మట్టి గోడ, ఎర్రదిబ్బ, ఎండిన తుమ్మ మొద్దు, ఏది వేయాలన్నా ఆ గొట్టమే ముందు ఖాళీ అయ్యేది. అది ఒక ఊరి పేరని, ఆ ఊరి చుట్టూ దొరకిన ఇనుము, మాంగనీసు కలిసిన పసుపు మన్నును కాల్చగా వచ్చిన ఎరుపని నేను పదేండ్లకు గాని తెలుసుకోలేదు. తెలిసిన నాటి నుండి ఆ ఊరికి నేను అప్పు పడినట్లే ఉన్నది. ఆ మన్నును అక్కడి చిత్రకారులు ఏమి చేసినారో కన్నులారా చూడవలెను. అంతే.

ఇంజనీరు: మీరు ఆ గొట్టముతో వేసిన బొమ్మలు నేను చూచినాను. వాటిలో సగము ఓరుగంటి మట్టికోటవే. మన మన్నును మీరు చిత్రించినారు, పేరు మాత్రము వారి ఊరిది. ఆ పెట్టె తెరచినప్పుడెల్లా నాకు కష్టముగా ఉండదా?

మాస్టారు: కష్టము న్యాయమైనదే. కాని ఆ పేరు వారు మన దగ్గర దొంగిలించినది కాదు. వారు తమ మన్నును తీసి, నూరి, కాల్చి, దానితో గోడలు నింపి, ఆ పనిని లోకమునకు చూపినారు. అందుచేత ఆ వన్నెకు వారి ఊరి పేరు నిలిచినది. మన చేర్యాల నకాషీలు చేసినదీ అటువంటి పనియే గదా! బట్టకు చింతగింజల జిగురూ తెల్లమట్టీ పూసి, ఎర్రని నేలమీద కథను వరుస వరుసగా నిలిపిన ఆ పటాన్ని గ్రామాలలో విప్పి కథ చెప్పేవారు. ఆ ఎరుపును చేర్యాల ఎరుపని మన పిల్లల పెట్టెలలో ఎవరైనా వ్రాసినారా? వ్రాయవలసినవారము మనమే, నాతో కలిపి. ముప్పది మూడేండ్ల ఉద్యోగములో నా తరగతికి నేను ఒక్క పటమైనా తెచ్చి చూపలేదు.

(ఈ చివరి మాట అంటున్నప్పుడు మాస్టారి గొంతు తగ్గినది. ఇంజనీరు కొంతసేపు ఊరకుండినారు. ఎదుటి మనిషి తప్పు ఒప్పుకొన్నప్పుడు దానిని అందిపుచ్చుకొని వాదము గెలుచుకొనే అలవాటు ఆయనకు లేదు.)

ఇంజనీరు: సరే, ఆ మాట పక్కన పెట్టుదాము. ఇంతకూ ఆ ఊరిలో మీరు చూడబోయేది ఏమిటి? ఆ ప్రయాణ సంస్థవారి కరపత్రము నేనూ చదివినాను. పది దినములలో ఏడు పట్టణాలు. మీ సియెనాకు కేటాయించినది రెండున్నర గంటలు. రెండున్నర గంటలలో మన శాఖ ఉద్యోగి ఒక తూము తలుపు కూడ సరిగా పరీక్షించలేడు.

మాస్టారు: ఆ గుంపుతో నేను పోవడము లేదు. ఒంటరిగా పోయి ఎనిమిది దినములు అక్కడే ఉంటాను. వినండి, ఆ ఊరి నగరసభా భవనములో, తొమ్మిదిమంది పాలకులు కూర్చుండే గదిలో, 1338లో మొదలుపెట్టి మరుసటి ఏట ముగించి అంబ్రోజియో లొరెంజెట్టి అనే చిత్రకారుడు గోడలు నింపినాడు. ఒక వంక మంచి పాలన, మరొక వంక చెడు పాలన. మంచి పాలన ఉన్న ఊరిలో చెప్పులవాడు అంగడి తెరచి ఉన్నాడు, తాపీవారు ఇంటి పైకప్పు మీద పని చేస్తున్నారు, గురువు పాఠము చెప్పుతున్నాడు, వీథిలో నాట్యము సాగుతున్నది. కోట తలుపు దాటగానే పొలములు, కోతలు, గాడిదల మీద మోతలు. రాజసభలో రాజు బొమ్మ వేయించుకొనే కాలములో, ఆ గదిలో కూర్చున్న పాలకులకు ప్రతిదినము కనబడేటట్లు చెప్పులవానిని, కోతకూలీని వేసిన గోడ అది. నేను అచ్చు బొమ్మలో చూచినది అరచేతి మేర. గోడ ఒక గది మేర. ఈ వ్యత్యాసము చూడకుండా కన్ను మూయడము నాకు సమ్మతము కాదు.

ఇంజనీరు: మంచి పాలనను వారు గోడ మీద వేసుకొన్నారు. మనవారు నేల మీద త్రవ్వినారు.

(నేను ఆ వాక్యమును ఇంటికి వచ్చి వ్రాసిపెట్టుకొన్నాను. ఆయన దానిని అలంకారముగా అనలేదు. లెక్క చెప్పినట్లు అన్నారు.)

మాస్టారు: విడమరచి చెప్పండి.

ఇంజనీరు: లొరెంజెట్టి గోడకు నూటయిరువదియైదేండ్లు ముందు, 1213లో, కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రుద్రేశ్వరుని గుడి కట్టించినాడు. మనము రామప్ప గుడి అంటున్నాము. గుడికి దగ్గరలోనే కొండల నడుమ కట్ట వేసి చెరువు నిలిపినాడు. పాకాల, లక్నవరము ఆ కాకతీయుల కాలమువే. గుడి చెక్కిన చేయి చెరువును మరవలేదు. చెరువు లేనిదే గుడికి నైవేద్యము లేదు, ఊరికి అన్నము లేదు. మీరు సందర్శకుని కన్నుతో పోతే నంది చూస్తారు, నల్లరాతి మదనికలను చూస్తారు, నీటిలో తేలే ఇటుకల కథ విని ఆశ్చర్యపోతారు, బస్సెక్కుతారు. కట్ట మీదికి ఎక్కరు. తూము ఎక్కడున్నదని అడగరు. గుడి నుండి చెరువు దాకా నడిచినవాడే రామప్పను చూచినవాడని నా నమ్మకము.

మాస్టారు: ఇది నేను కాదనను. కాని మీ మాటలోనే ఒక లోపమున్నది, ఇంజనీరు గారూ. త్రవ్వినదానిని కాపాడుటకు చూచే కన్ను కావలెను. చెరువు శిఖము లోపల ఇండ్లు లేచినప్పుడు, గొలుసుకట్టు తెగినప్పుడు జనము ఎందుకు లేచి నిలువలేదు? ఆ చెరువు తమ ఊరికి ఏమిటో చూపిన బొమ్మ ఏ గోడ మీదా లేదు గనుక. సియెనావారు తమ నీటిని కూడ చిత్రము వలెనే కాపాడుకొన్నారు. మీకు తెలియనిది ఒకటి చెప్పనా? ఆ ఊరికి నది లేదు.

ఇంజనీరు: నది లేదా?

మాస్టారు: లేదు. కొండల మీది ఊరు, కింద నీరు దూరము. అందుచేత ఇసుకరాతిని మనుషులు చేతితో తొలిచి, ఊరి కింద ఇరువది అయిదు కిలోమీటర్ల మేర సొరంగాలు నడిపినారు. బొత్తీనీ అంటారు. రాతిలో నుండి ఊరిన చెమ్మను, వాన నీటిని పట్టి, అతి స్వల్పమైన వాలు మీద ఊరిలోని ఊటబావులకు తెచ్చినారు. పద్నాలుగవ శతాబ్దిలో ఊరి నడిమి మైదానమునకు నీరు వచ్చిన నాడు జనము పండుగ చేసుకొన్నారట. అందుకే అక్కడి ఫౌంటెనుకు ఆనందపు ఊట అని పేరు. ఊరి అడుగున డయానా అనే నది దాగి ఉన్నదని నమ్మి, దాని కోసము త్రవ్వి త్రవ్వి ధనము పోగొట్టుకొన్న కథ కూడ ఉన్నది. దాంతే మహాకవి ఆ వెదకులాటను తన కావ్యములో స్మరించినాడు.

(ఇంజనీరు ముఖములో మార్పు కలిగినది. కరపత్రము వెనుక పెన్సిలుతో ఒక గీత గీసి, వాలు ఎంత, రాయి ఎట్టిది, సొరంగములోనికి మనిషి దిగి పూడిక తీసే వీలున్నదా అని వరుసగా అడిగినారు. మాస్టారికి వాలు లెక్క తెలియదు. చెరువుల మనిషి మనస్సు ఆ కొండ ఊరి అడుగుకు దిగిపోయినదని నాకు అప్పుడే అర్థమైనది.)

ఇంజనీరు: ఇది మీరు ముందే చెప్పవలసినది. అయినా నా మాట మార్చుకోను. పరదేశి ఒక ఊరిని తొందరలో చూస్తే ఏమగునో మన చరిత్రలోనే సాక్ష్యమున్నది. మీ ఇటలీ వాడే, వెనిసు వాడే, మార్కోపోలో. పదమూడవ శతాబ్ది చివర మన మోటుపల్లి రేవును గురించి, ఆ రాజ్యమును గురించి వ్రాసినాడు. సాలెగూటి వలె సన్నని బట్టలని మెచ్చినాడు, వజ్రములని మెచ్చినాడు, ఆ రాజ్యమును ఏలే రాణి వివేకవతి అని మెచ్చినాడు. అంతా బాగున్నది. కాని ఆ రాణి చనిపోయిన రాజుకు భార్య అని వ్రాసినాడు. రుద్రమదేవి గణపతిదేవునికి కూతురు గదా! రేవులో విన్న మాటతో తృప్తిపడి, ఓరుగంటి దాకా రాకపోతే కూతురు భార్య అగును. మీరు సియెనాలో ఎనిమిది దినములు ఉన్నా, ఎన్ని కూతుళ్ళను భార్యలుగా వ్రాసుకొని వస్తారో!

మాస్టారు: ఒప్పుకొంటాను. కాని ఆయన తప్పు వ్రాసినా, వ్రాసినందుచేతనే ఆ బట్ట సన్నదనము దూరదేశాలకు తెలిసినది. 1244లో గణపతిదేవుడు అదే మోటుపల్లిలో అభయశాసనము వేయించి, ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరుకును రాజు అపహరించడని, వర్తకులు నిర్భయముగా రావచ్చునని ప్రకటించినాడు. తలుపు తెరచిన రాజుల దేశము మనది. ఆ తలుపు గుండా వారు వచ్చినారు. అదే తలుపు గుండా నేను పోతే తప్పేమిటి?

ఇంజనీరు: తప్పు లేదు. వరుస తప్పు. ముందు ఇల్లు, తరువాత ఊరు. హనుమకొండ వేయి స్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించినది. దాని కల్యాణమండపమును 2006లో రాయి రాయి విప్పినారు. ఇసుక పునాది మీద నిలిచిన కట్టడమును మరల నిలుపుటకు 2024 మహాశివరాత్రి వచ్చినది. ఆ పదునెనిమిదేండ్లలో మీరు ఒక్కసారి పోయి, నంబర్లు వేసి పేర్చిన ఆ రాళ్ళను చూచినారా? ఒక కట్టడము లోపలి ఎముకలు చూడడానికి అటువంటి అవకాశము మన జన్మలో మరల రాదు.

మాస్టారు: చూడలేదు. పోవలెనని అనుకొన్నాను.

ఇంజనీరు: పద్మాక్షి గుట్ట ఎక్కినారా? 1117లో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ జైన బసదిని కట్టించినది. శాసనమున్నది, రాతిలో తొలిచిన తీర్థంకరులున్నారు. ఒక స్త్రీ కట్టించిన ఆ గుట్ట కిందనే నేడు వేలమంది స్త్రీలు సద్దుల బతుకమ్మ నాడు పూల కొండలు తెచ్చి గుండములో విడుస్తారు. మీ సియెనాలో జూలై రెండున, ఆగస్టు పదహారున గుర్రపు పందెము ఉన్నదని, పదునేడు పేటలవారు తమ జెండాలతో దిగుతారని మీరే చెప్పినారు. ఈ ఏటి పందేలు రెండూ ముగిసినవి. మన బతుకమ్మ ఇంకా మొదలు కాలేదు.

ఇక్కడ మాటకు అడ్డు వచ్చినది. పక్క బల్ల దగ్గర మోకాళ్ళ మీద నోటుపుస్తకము పెట్టుకొని చాయ్ తాగుతున్న ఒక యువకుడు, చాలాసేపటి నుండి వింటున్నాడేమో, లేచి వచ్చినాడు. క్లౌడు కోర్సు నేర్చుకొనుటకు వచ్చి రెండు నెలలైనదట.

యువకుడు: సార్, ఏమనుకోకుండ్రి. మాది పాలంపేట పక్కపొంటి ఊరే. మా పొలం రామప్ప చెరువు కిందనే ఉంటది. మొన్నటి వానలకు మత్తడి దుంకుతున్నదని మా నాయిన ఫోన్ జేసిండు. గుడి సూడ దేశదేశాల నుంచి వస్తరు గని, మత్తడి సూడ ఎవ్వరు రారు సార్.

ఇంజనీరు: రెండు పంటలు పండుతాయా?

యువకుడు: నీళ్ళు మంచిగుంటే రెండు పండుతయి. మా తాతల నాడు సుత గంతేనట.

మాస్టారు: బాబూ, గుడిలో మదనికలను ఎన్నిసార్లు చూచినావు?

యువకుడు: లెక్క లేదు సార్. చిన్నప్పుడు ఆ గద్దెల మీదనే ఆడుకునేటోళ్ళం. గని బడిల ఎన్నడు అవ్విటి గురించి చెప్పలే. 2021ల యునెస్కో వాళ్ళు పేరు పెట్టినంక అందరు చెప్పుడు మొదలుపెట్టిండ్రు.

అతడు తన క్లాసుకు వేళయినదని చెప్పి మెట్లెక్కిపోయినాడు. మా ముగ్గురిలో ఎవరమూ కొంతసేపు మాటాడలేదు. కాకతీయుల గజసేనాధిపతి జాయపుడు నృత్తరత్నావళి వ్రాసినది రామప్ప గుడి కట్టిన నలువది ఏండ్లకు; ఆ గ్రంథమును, ఆ గుడి శిల్పములను ఆధారముగా పట్టుకొని నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మరల నిలువబెట్టినారు. ఒక నాట్యమును రాతి నుండి లేపగలిగిన ఆ గద్దెల మీద ఆడుకొని పెరిగిన బిడ్డకు బడిలో ఎవరూ దానిని చెప్పలేదన్నది మాస్టారిని అన్నింటికంటె ఎక్కువగా బాధించినదని ఆయన కన్నులు చూచి తెలుసుకొన్నాను. ఆయన పాఠశాలలలో ఒకటి ములుగు తాలూకాలోనిది.

మాస్టారు: ఇంజనీరు గారూ, నేను సియెనా మానను. ఎందుకు మాననో చెప్పుతాను. 1311లో దుచ్చో అనే చిత్రకారుడు అక్కడి దేవాలయమునకు ఒక మహాఫలకము వేసినాడు. జూన్ తొమ్మిదవ తేదీన ఊరు ఊరంతా అంగళ్ళు మూసి, దీపములు పట్టి, దానిని చిత్రశాల నుండి దేవాలయము దాకా ఊరేగించినారు. ఒక బొమ్మను దేవుని వలె మోసిన ఊరు! ఆ ఊరే 1771లో ఆ ఫలకమును రంపముతో కోసినది. ముక్కలు కొన్ని లండనులో, కొన్ని అమెరికాలో ఉన్నవి. మోసినవారే కోసినారు. మిగిలినది ఇప్పుడు కన్ను వలె కాపాడుకొంటున్నారు. ఆ గుడి పక్కనే, మరింత పెద్ద దేవాలయము కట్టదలచి 1339లో మొదలుపెట్టి, 1348 మహమ్మారిలో సగము ఊరు పోగా ఆపివేసిన గోడ ఉన్నది. లొరెంజెట్టి కూడ ఆ మహమ్మారికే పోయినాడంటారు. ఆ మొండిగోడను కూల్చలేదు, పూర్తి చేయనూ లేదు. ఓరుగంటి కోటలో స్వయంభూదేవుని గుడి 1323 తరువాత నేలమట్టమైనా, నాలుగు కీర్తితోరణాలు నాలుగు దిక్కుల నిలిచి ఉన్నవి గదా! పోయినదాని చుట్టూ నిలిచినదానిని ఒక ఊరు ఎట్లు బ్రతికించుకొంటున్నదో, దాని మధ్య పిల్లలు ఎట్లు ఆడుకొంటున్నారో, వారికి ఏమి చెప్పి పెంచుతున్నారో నేను చూచి రావలెను.

ఇంజనీరు: చూచి వచ్చి?

మాస్టారు: ఆ పిల్లవాని ఊరి బడిలో ఒక గోడ అడుగుతాను. ఒక వంక మత్తడి దుంకే చెరువు, మరొక వంక ఎండిన చెరువు. రామప్ప మన్నుతోనే వేస్తాను, గొట్టములోని రంగుతో కాదు.

ఇంజనీరు: అట్లయితే ఆ చెరువును ముందు చూడండి. తూము తలుపు ఎట్లుండునో తెలియకుండా గోడ మీద వేస్తే నేను ఒప్పుకోను. మహాలయ అమావాస్యకు వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ. ఆనాటి నుండి సద్దుల దాకా హనుమకొండలో ఉందాము. ఒక పూట గుట్టలు, ఒక దినమంతా కోట, కొత్తవాడలో జంపఖానాలు నేసేవారి ఇండ్లు, దారిలో పెంబర్తి ఇత్తడి పని, చివర రెండు దినములు పాలంపేటలో కట్ట మీద. మీ కాళ్ళకు ఎక్కడ ఓపిక లేకపోతే అక్కడ కూర్చుని బొమ్మ వేసుకోండి; నాకు తొందర లేదు.

మాస్టారు: మరి మీరు? ఆ సొరంగాల సంగతి?

ఇంజనీరు గారు కరపత్రము వెనుక తాము గీసిన గీతను చూచుకొన్నారు. బదులు చెప్పలేదు. దానిని మడిచి చొక్కా జేబులో పెట్టుకొన్నారు.

నా మటుకు నేను తీర్పు చెప్పవలసి వస్తే, వరుస విషయములో ఇంజనీరు గారిదే న్యాయమని, పోవలసిన విషయములో మాస్టారిదే న్యాయమని అంటాను. ఏ కొండ ఊరినైనా ఎనిమిది దినములకు తక్కువగా చూడరాదన్నది ఇద్దరూ వాదము లేకుండా ఒప్పుకొన్న మాట. దానిని మాత్రము పాఠకులు కూడ పాటించవలెనని నా మనవి.

ఆ రాత్రియే కాజీపేటకు మూడు రైలు టిక్కెట్లు తీసుకొన్నాము. మరునాడు మాస్టారు పై అంతస్తుకు పోయి, సియెనా ప్రయాణమును ఏప్రిల్ నెలకు మార్పించి, దరఖాస్తులో రెండవ ప్రయాణికుని పేరు చేర్పించి వచ్చినారు.